ఉత్త పిలుపు

మాల్యాద్రి మైకు వైర్లు చుడుతున్నాడు. ఒక చుట్టు పైనుంచి, మరుచుట్టు కిందనుంచి, చిన్న చేటంత వలయాలు. మోచేతి మీద తాడు చుట్టినట్టు చుట్టే వాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. అలా చుట్టిన వైరు లోలోపల మెలిపడి తెగుతుంది, తెగింది ఊరుకోక సరిగ్గా తాళి కట్టే వేళకే మూగబోతుంది. ముప్పై అయిదేళ్ళుగా చేస్తున్న పని. చేతుల పాటికి చేతులు తిరుగుతుంటే ఆయన కళ్ళు మాత్రం వాకిట్లో మంచును చూస్తున్నాయి. ఆత్మకూరు డిపోలోంచి తొలి బస్సు బయటికి వస్తున్న చప్పుడు ఆ మంచులో ఎక్కడో కలలో వచ్చినట్టు వచ్చి పోయింది.

మనిషి పొట్టి, బక్కపలచన. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, కుడి బొటనవేలి మీద సోల్డరింగు కాలిన నల్లటి మచ్చ. కుర్రతనంలో చెట్లెక్కి హారన్లు కట్టి కట్టి, వాటి నోటి దగ్గరే నిలబడి నిలబడి, ఎడమ చెవి కాస్త మందగించింది. అందుకే ఆయన భార్య కామాక్షమ్మ మాట్లాడితే వీధంతా వినపడుతుంది.

"పెళ్ళిళ్ళు లేవు గదా, ఇంత పొద్దున్నే యాడికి?" అంది ఆమె. తెలిసే అడిగింది.

"ఉదయగిరి పక్కకి. గొర్రెల కాడికి."

"గొర్రెలకు గూడా వీడియో తీస్తారా ఇప్పుడు?"

మాల్యాద్రి నవ్వి ఇంకో వైరు అందుకున్నాడు. ఆమె సీసాలో మజ్జిగ పోసి, అల్లం దంచి కలిపి, మూత బిగించి సంచిలో పెట్టింది. రాత్రి రెండుసార్లు లేచి కూర్చుని రొమ్ము రుద్దుకోవడం ఆమె చూసింది. ఆస్పత్రి మాట ఎత్తితే గ్యాసే అంటాడు. ఎత్తినా లాభం లేదని తెలిసీ ఎత్తకుండా ఉండలేకపోయింది.

"రేపన్నా పోదాం పా ఆస్పత్రికి."

"పోదాంలే. ముందు ఆ గొర్రెల సంగతి తేలనీ. నాకు నిద్ర పట్టంది దాంతోనే."

అది అబద్ధం కాదు. నెల రోజులుగా ఆయన మనసులో ఆ గొర్రెలే మేస్తున్నాయి.

జరిగిందేమిటంటే, ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో కొండలయ్య అని గొర్రెల ఆసామి. ఆయన కూతురు అశ్విత ఓణీల ఫంక్షన్ ఇంటి ముందే షామియానా వేసి చేశారు. ఆత్మకూరు స్టూడియో కోటేశ్వర్ కెమెరా, మాల్యాద్రి మైకు. సాయంత్రం మంద కొండ దిగి వస్తుంటే కొండలయ్య తల్లి ఆదిశేషమ్మ లేచి దొడ్డి గేటు దగ్గరికి వెళ్ళింది. ఎనభై దాటిన ముసలామె. నలభై ఏళ్ళుగా ఆ మంద ఆమె పిలిస్తేనే దొడ్లోకి వస్తుంది. పగలంతా కొండలయ్య వెనకాలే తిరిగే గొర్రెలు, పొద్దుగూకే వేళ ఆయన ఎంత గొంతు చించుకున్నా తల ఎత్తి చూసి మళ్ళీ గడ్డి మీద పడతాయి. మాల్యాద్రికి ముచ్చటేసి చేతిలో ఉన్న మైకు ఆమె ముందు పట్టాడు. హెడ్‌ఫోన్లో ఆ పిలుపు విని ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో అటువంటి గొంతు తన మిక్సర్లోంచి పోలేదనుకున్నాడు.

కానీ ఆయన విన్నది మిక్సర్ దగ్గర. కెమెరా దగ్గర వినలేదు. మిక్సర్లోంచి బయటికొచ్చే శబ్దం బలమైనది. కెమెరాకున్న చిన్న రంధ్రం ఒట్టి మైకు తెచ్చే సన్నని శబ్దం కోసం పెట్టింది. దీన్ని నేరుగా దాంట్లో దూర్చడమంటే బోరు నీళ్ళను ఉగ్గుగిన్నెలోకి వదలడమే. పాత కెమెరాకు రెండు రంధ్రాలుండేవి, బలమైన దానికొకటి, సన్నని దానికొకటి. ఆ రోజు వచ్చింది కొత్త కెమెరా, దానికి ఒకటే. అలవాటు కొద్దీ వైరు పెట్టేశాడు. మిక్సర్ దగ్గర తేనెలా వినిపించిన గొంతు కెమెరాలో పాతగుడ్డలా చిరిగిపోయింది.

పెళ్ళి వీడియోల్లో ఇలాంటివి ఎవరికీ పట్టవు. పైన ఒక పాట వేసేస్తే సరి. ఈసారి మాత్రం పట్టించుకునే వాళ్ళు వేరే ఉన్నారు. పది రోజుల తర్వాత ముసలామెకు జ్వరమొచ్చి మంచం దిగలేకపోయింది. మంద రెండు రాత్రులు బయటే నిలబడిపోయింది, కుక్కలు రెండు గొర్రెపిల్లల్ని లాక్కుపోయాయి. మూడోనాడు కొండలయ్యకు ఆ వీడియో గుర్తొచ్చి పెద్దగా పెట్టి వినిపించాడు. గొర్రెలు బెదిరి ముళ్ళకంచె మీద పడ్డాయి, ఒక గొర్రె కాలు విరిగింది.

కొండలయ్య స్టూడియోకి వచ్చి కేకలేసి ఉంటే మాల్యాద్రికి ఇంత బాధ ఉండేది కాదు. ఆయన స్టూలు మీద కూర్చుని, తువ్వాలు మడత పెట్టుకుంటూ, "మా యమ్మ గొంతు అట్టా వుండదన్నా," అని మాత్రం అన్నాడు. జ్వరం తగ్గి ఆమె మళ్ళీ పిలుస్తోంది గాని, డాక్టరు ఇంక ఎక్కువ రోజులు లేవన్నాడట. ఆమె పోతే మందను కొండాపురం సంతకు తోలెయ్యడమే దారి. ఆ మాట విన్న నాటి నుంచి మాల్యాద్రికి ఒకటే పట్టుదల. ఆ గొంతు పోకముందే దాన్ని ఉన్నదున్నట్టు పట్టాలి.

దుత్తలూరు దాటాక బస్సు కిటికీలోంచి కొండ కనపడింది. సగం కొండే కనపడింది. పై సగం మబ్బులో ఉంది. మార్గశిరపు ఎండ పలచగా, వడగట్టినట్టుగా ఉంది. రోడ్డు పక్క కందిచేలు పూసి ఊగుతున్నాయి. మాల్యాద్రి ఒళ్ళో సంచి మీద చెయ్యేసుకుని కళ్ళు మూసుకున్నాడు. బస్సు రొదలోంచి గంటల చప్పుడు విడదీసి వింటున్నట్టు ఆయనకు అనిపించింది. కళ్ళు తెరిస్తే గంటలూ లేవు, గొర్రెలూ లేవు. ముందు సీట్లో ఒక ఆమె గాజులు కదులుతున్నాయి.

కోటేశ్వర్ కెమెరాతో మోటారు సైకిలు మీద అప్పటికే పల్లె చేరుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కొండాపురంలో ఫంక్షన్ ఉంది కాబట్టి రాత్రికి అటే పోతాడు. నలభై ఏళ్ళ మనిషి, కాస్త తొందర జాస్తి.

"ఫోనులో రికార్డు చేస్తే పోయేదానికి ఇంత సరంజామా ఎందుకన్నా?"

"ఫోను దానిష్టం వచ్చినట్టు సవరించేస్తుందబ్బా. చిన్నగా అన్నదాన్ని పెంచుతుంది, పెద్దగా అన్నదాన్ని నొక్కుతుంది. మనుషులైతే మోసపోతారు. గొర్రెలు మోసపోవు."

ఆదిశేషమ్మ నులకమంచం మీద గొంగళి కప్పుకుని కూర్చుని ఉంది. ముడతల మధ్య కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మాల్యాద్రి దగ్గరికి పోయి, ఒకసారి పిలిచి చూపించమ్మా, లెవెల్ చూసుకుంటానని అడిగాడు.

"గొర్రెలు లేకుండా ఎవుర్ని పిలవమంటావు నాయనా?"

"ఊరికే, మైకు కోసరం."

"ఊరికే పిలవకూడదు. పిలిచినాక దోసెడు తవుడన్నా ఎయ్యాల. ఉత్త పిలుపు పిలిస్తే ఇంగ ఆ నోటిని నమ్మవు అయ్యి. మా అత్త నేర్పింది నాకు."

కొండలయ్య ఇబ్బందిగా నవ్వాడు. "ఇనదన్నా. ఇరవై ఏండ్ల నించి నాగ్గూడా ఒక్కసారి ఉత్తగా చెప్పి చూపించలా. అందుకే నాకు రాలా."

అంటే పరీక్ష లేదు. పొద్దుగూకే వేళ ఒక్కసారే. మొదలు నాలుక తిప్పుతూ లోగొంతుతో అంటుంది, తర్వాత ఒక్క ఉదుటున కొండకు తగిలేలా లేస్తుంది. సన్నని మొదలుకు సరిపెడితే కొస చిరుగుతుంది, కొసకు సరిపెడితే మొదలు గాలిలో కలిసిపోతుంది. ఆ రెంటి మధ్యా ఎంత దూరముందో తెలిస్తే గాని లెవెల్ పెట్టలేడు. తెలిసే దారి లేదు. మాల్యాద్రికి చెమట పట్టింది. మజ్జిగ రెండు గుక్కలు తాగాడు.

మధ్యాహ్నమంతా మెల్లగా, ముచ్చటగా పని చేసుకున్నాడు. ఇంట్లోంచి కరెంటు లాగాడు. దొడ్డి గేటు పక్క కర్ర పాతి, ముసలామె నోటికి చేతి దూరంలో ఉండేలా మైకు కట్టాడు. కొండగాలికి మైకు బుసబుసమంటుంటే కొండలయ్యను అడిగి గుప్పెడు గొర్రెబొచ్చు తెచ్చి దాని చుట్టూ చుట్టాడు. గాలి మాయమైంది. మిక్సర్ నుంచి కెమెరాకు వేసిన వైరు ఈ పని కోసమే నెల పాటు కూర్చుని తయారు చేసుకున్నది. మధ్యలో శబ్దం బలాన్ని తగ్గించే చిన్న చిన్న ముక్కలు అతికి, నల్లటేపు చుట్టి ఉంది. కెమెరాలో తనంత తాను సవరించుకునే ఆటోను ఆపేయించాడు. హెడ్‌ఫోన్ తీసి ఈసారి కెమెరాకే తగిలించుకున్నాడు. చివరికి చేరిన చోట వినాలి, బయల్దేరిన చోట కాదు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఒక గొర్రె కాలు విరగాల్సి వచ్చిందని తనను తనే తిట్టుకున్నాడు.

నాలుగున్నరకు ఎండ పచ్చబడింది. దూరంగా గంటలు వినపడ్డాయి, ఈసారి నిజంగానే. కొడుకూ కోటేశ్వరూ కలిసి ముసలామెను మంచంతో సహా గేటు దగ్గరికి మోసుకొచ్చారు. ఎప్పుడు పిలుస్తుందో ఏమోనని కోటేశ్వర్ ముందే రికార్డు నొక్కేశాడు.

మాల్యాద్రి మైకు ముందు నిలబడ్డాడు. ఆమె పిలవదు కాబట్టి ఆమె బదులు తానే పిలవాలనుకున్నాడు. తెలిసిన పిలుపు ఒకటే కదా ఆయనకు. మొదట గొంతులోనే, పసిపిల్ల చెవిలో చెప్పినట్టు, "ఒకటి," అన్నాడు. కెమెరా తెర మీద ఆకుపచ్చ గీతలు చిన్నగా కదిలాయి. "రెండు," అన్నాడు మామూలుగా. తర్వాత రొమ్ము నిండా గాలి పీల్చి, జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా, "మూడో..." అని కొండ వైపు కేక పెట్టాడు. గీతలు పసుపు దాటి ఎరుపుకు దగ్గరగా వెళ్ళి ఆగాయి. కొండ కూడా మూడో అంది. రొమ్ములో ఏదో కలుక్కుమంది. ఆయన కర్ర పట్టుకుని ఒక నిమిషం నిలబడ్డాడు.

"అవ్వా, నీ గొంతు పెద్దదా, నా గొంతు పెద్దదా?"

"అది గొర్రెల్ని అడుగు," అంది ముసలామె.

మాల్యాద్రి లెవెల్ ఇంకొక్క వీసం తగ్గించి, కెమెరా దగ్గరికి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని చతికిలబడ్డాడు.

మంద కొండవాలు మీద ధూళిలో తేలుతున్నట్టు కనపడింది. ముసలామె గొంగళి తీసేసింది. నడుము నిటారుగా లేచింది. నాలుక తిరగడం మొదలైంది. చిన్నగా, తడిగా, ఏ తల్లో బిడ్డను నిద్రపుచ్చుతున్నట్టు "ట్ర్రూ... ట్ర్రూ..." అంది. మందగించిన చెవితో సహా మాల్యాద్రికి ప్రతిదీ వినపడింది. ఆమె ఊపిరి లోపలికి పోవడం వినపడింది. పెదవి పెదవికి తగలడం వినపడింది. అంతలో ఆ గొంతు లేచింది. "బా... ఓ... బా!" అది ముసలి గొంతు కాదు. ముప్పై ఏళ్ళ మనిషి ఎవరో కొండ చరియ మీద నిలబడి సాయంకాలాన్నంతా తన వైపు లాక్కుంటున్నట్టుంది. గీతలు లేచాయి, లేచాయి, ఎరుపుకు ఒక్క గీత కింద నిలిచి వణికి, దిగాయి.

చిరగలేదు. కొసదాకా ఎక్కడా చిరగలేదు. మాల్యాద్రి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. హెడ్‌ఫోన్లో వంద గంటలు ఒక్కసారిగా దగ్గరవుతున్నాయి, డెక్కలు, తుమ్ములు, ఒళ్ళూ ఒళ్ళూ రాసుకునే మెత్తని చప్పుడు. ఆయన కూర్చున్న చోటు చుట్టూ గొర్రెలు పారుతున్నాయి. ముసలామె చేటలోంచి తవుడు తీసి వేస్తోంది.

పట్టిన గొంతును గొర్రెలకు వినిపించి చూద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. లోపలికొచ్చిన గొర్రెల్ని మళ్ళీ పిలవడం కూడా ఉత్త పిలుపే. చూడాలంటే రేపు ఈ వేళకే చూడాలి. బస్సు వేళవుతోంది, రికార్డును కోసి సవరించే తీరిక లేదు. కోటేశ్వర్ ఉన్నదున్నట్టు కొండలయ్య ఫోనులోకి ఎక్కించేశాడు. మాల్యాద్రి సంచిలోంచి చిన్న చెక్క పెట్టె తీశాడు. లోపల స్పీకరు, తన చేత్తో చేసుకున్నది. దాన్ని గేటు గుంజకు వైరుముక్కతో కట్టి, శబ్దం పెంచి తగ్గించే బిరడా పక్కన తెల్లరంగుతో గీత పెట్టాడు.

"ఫోనులో పెడితే మళ్ళా చిరుగుతాది. ఫోను దీనికి తగిలించి పెట్టు. ఈ బిరడా ఈ గీత కాడే వుండాల, పైకి తిప్పొద్దు."

"మళ్ళా ఎప్పుడు తీసకపోతావన్నా?"

"రేపు గొర్రెలొచ్చినయ్యా లేదా చెప్పు ముందు. పెట్టె సంగతి తర్వాత."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. కొండ ఇప్పుడు పూర్తిగా మబ్బులో కలిసిపోయింది. మాల్యాద్రి కామాక్షమ్మకు ఫోను చేశాడు. బస్సులో అందరికీ వినపడేలా ఆమె గొంతు ఫోనులోంచి వస్తుంటే పక్కనాయన నవ్వుకున్నాడు.

"చిరగలా కామాక్షీ. ఒక్క ముక్క చిరగలా."

"గొర్రెలొచ్చినయ్యా?"

"ఆమె పిలిస్తే వచ్చినయ్. మనం పట్టిన గొంతుకి వస్తాయో రావో రేపు తెలుస్తాది."

"సరే, తొందరగా రా. రాగిసంగటి చేసినాను."

ఫోను జేబులో పెట్టుకుని తల కిటికీకి ఆనించాడు. రొమ్ములో బరువు ఉంది గాని, ఇందాకటి మంద ఇంకా చుట్టూ పారుతున్నట్టే ఉంది. వెచ్చగా, మెత్తగా, గంటలతో. ఆ మధ్యలో తానెక్కడున్నాడో చూసుకోవాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. దుత్తలూరులో దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఆత్మకూరు డిపోలో బస్సు ఖాళీ అయ్యాక కండక్టరు వచ్చి, పెద్దాయనా, లేయి, ఊరొచ్చింది అని భుజం తట్టాడు. రెండోసారి తట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ సంగతి కొండ కింది పల్లెకు తెలియలేదు.

మర్నాటి సాయంత్రం ఆదిశేషమ్మకు జ్వరం తిరగబెట్టింది. మంచంలోంచి తల ఎత్తలేకపోయింది. మంద వచ్చి గేటు అవతల నిలబడింది. కొండలయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఫోను పెట్టెకు తగిలించి నొక్కాడు.

"ఒకటి," అంది పెట్టె.

గొర్రెలు తలలెత్తాయి.

"రెండు. మూడో..."

కదల్లేదు, బెదరలేదు. చెవులు నిక్కబొడుచుకుని చూస్తున్నాయి. ఆయన ప్రశ్నా, ముసలామె జవాబూ అయ్యాక కాసేపటికి నాలుక తిరిగే చప్పుడు మొదలైంది. ముందున్న ముసలి గొర్రె ఒక అడుగు వేసింది. పిలుపు లేచేసరికి మందంతా గేటు వైపు పారింది. కొండలయ్య చేట పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ తవుడు వేశాడు.

లోపల్నుంచి ముసలామె అడిగింది. "ముందు పిలిచినాయన పేరేందిరా?"

"ఆత్మకూరు మాల్యాద్రన్న మా. మైకాయన."

"ఇంకో దోసెడు ఎయ్యి. ఆయన పిలుపు గూడా ఉత్తది గాకూడదు."

ఇంకో దోసెడు వేసి, ఆ చేత్తోనే కొండలయ్య మాల్యాద్రికి ఫోను కలిపాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది ఆడమనిషి.

"వదినా, అన్నకీయి ఒకసారి."

అవతల చాలామంది ఉన్న చప్పుడు. అయినా ఆమె గొంతు ఎంతో చిన్నగా వచ్చింది. "నువ్వు గొర్రెలాయనవా?"

"అవును వదినా."

"ఆయన లేడు నాయనా. రాత్రి బస్సులోనే పోయినాడు." తర్వాత అడిగింది. "గొర్రెలొచ్చినయ్యా?"

కొండలయ్య దొడ్డి వైపు చూసి, మళ్ళీ ఒకసారి చూసి, "వచ్చినయ్ వదినా," అన్నాడు. "ఒక్కటి గూడా బయట లేదు."

పదిహేను రోజులకు కోటేశ్వర్ అటుగా వచ్చాడు. ముందున్న ఒకటి రెండు మూడు ముక్క కత్తిరించి శుభ్రంగా ఇస్తానని ఫోను తీసుకున్నాడు. ఎడిటింగులో మొదట చేసే పని అదే. ముప్పై అయిదేళ్ళ ఫంక్షన్లలో మాల్యాద్రి లెక్కపెట్టిన ప్రతిచోటా అక్కడికి కోసేసి పారేశారు. నిన్ననే కామాక్షమ్మ స్టూడియోకి వచ్చి, ఆయన గొంతు ఎందులోనన్నా వుండాదా అని అడిగితే, కెమెరా కార్డులన్నీ వెతికి ఒక్కటీ దొరక్క తల దించుకున్నాడు. వేలు తెర మీద పెట్టబోయి అలాగే ఆపేశాడు.

"వుండనీలేన్నా," అన్నాడు కొండలయ్య. "ఒకటి అనంగానే బయల్దేరతాండాయి ఇప్పుడు."

మంద లోపలికి పోయాక ధూళి అణిగింది. గేటు గుంజకు చెక్కపెట్టె వేలాడుతోంది, బిరడా తెల్లగీత దగ్గరే ఉంది.